కాంటెస్సా ఊపిరి

బిగించాలా, వద్దా? ఆ వారమంతా మద్దిలేటికి తిండి మీదా ధ్యాస లేదు, పని మీదా ధ్యాస లేదు.

షెడ్డు మూలలో ఒక అట్టపెట్టె. దానిలో సూపర్‌చార్జర్. ఇంజిన్ తనంతట తాను పీల్చుకునే గాలి చాలదని, మరింత గాలిని లోపలికి బలవంతంగా తోసే యంత్రం అది. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ మండుతుంది, బండికి బలం వస్తుంది. మద్రాసులో ఏదో విదేశీ కారు తుక్కుకు పోతే, దాంట్లోంచి ఊడదీసిన సరుకని తెలిసి మూడు నెలలు వెంటపడి తెప్పించుకున్నాడు. రోజుకు నాలుగుసార్లు మూత తీసి చూసుకునేవాడు. కట్టుకున్నదాన్ని కూడా ఇంత మురిపెంగా ఏనాడూ చూడలేదని భార్య దెప్పింది. అదీ నిజమే.

బిగించాల్సింది తెల్ల కాంటెస్సా కారుకు. పొడుగాటి ముక్కు, వెడల్పాటి ఒళ్లు, కడుపులోంచి వచ్చే గంభీరమైన చప్పుడు. ఒకప్పుడు డోన్ వీధుల్లోకి అది వస్తోందంటే టీ తాగేవాళ్లు గ్లాసు దించి మరీ చూసేవాళ్లు. ఇప్పుడది నాలుగు లక్షల ముప్పై వేల కిలోమీటర్లు తిరిగిన బండి.

అది మౌలాలి మేస్త్రి బండి. ఇరవై ఏళ్లు ఆయనే నడిపాడు. కళ్లు మసకబారి, ఎదురొచ్చేది మనిషో స్తంభమో తేల్చుకోలేని రోజు రాగానే తాళాలు తెచ్చి మద్దిలేటి చేతిలో పెట్టాడు. ఇక నీది అన్నాడు, అంతే. మద్దిలేటి ఆయన దగ్గర పదకొండేళ్లు మెకానిక్ పని నేర్చుకున్నవాడు. సొంత షెడ్డు పెట్టి పద్దెనిమిదేళ్లయింది, మీసం నెరిసింది. అయినా మేస్త్రి గుమ్మంలోకి వస్తే చేతిలో ఏ పని ఉన్నా లేచి నిలబడతాడు.

ఈ సూపర్‌చార్జర్ తిప్పలన్నీ పీరుకొండ ఉరుసు కోసం. ఏటా ఉరుసు నాడు మేస్త్రి ఆ కొండ మీది దర్గాలో చక్కెర మీద ప్రార్థన చదివించి, సమాధికి పూల చాదర్ కప్పి వస్తాడు. ఆయన నడిపిన రోజుల్లో కాంటెస్సా కింద ఎత్తుకున్న వేగం పైన దర్గా ముందే దించేది. పోయిన ఏడాది మద్దిలేటి నడిపాడు. మూడో మలుపు దగ్గర ఇంజిన్ కాగిపోయి, బానెట్ సందుల్లోంచి ఆవిరి చిమ్మి, బండి ఆగిపోయింది. వెనకాల వస్తున్న కొత్త కార్లు హారన్లు కొట్టుకుంటూ దాటిపోయాయి. ఒక కారులోంచి ఎవడో తల బయటపెట్టి, దాని చేతికి ఒక కర్ర ఇయ్యండన్నా, నడుచుకుంటా వస్తాది అని అరిచిపోయాడు.

అప్పుడు మేస్త్రి రోడ్డు పక్కన ఒక రాయి మీద కూర్చుని ఉన్నాడు. ముఖం లోయ వైపు తిప్పుకుని, బండి చల్లారేదాకా ఇటు తిరగలేదు. అవమానం దిగమింగుతున్నాడని మద్దిలేటి అనుకున్నాడు. ఊరంతా మేస్త్రీ అని చేతులెత్తి మొక్కే మనిషిని రోడ్డు పక్కన రాయి మీద కూర్చోబెట్టానే అన్న బాధ ఏడాది గడిచినా అతన్ని వదల్లేదు.

పెట్టె వచ్చిన రోజే వెళ్లి మేస్త్రితో చెప్పాడు. మేస్త్రి వద్దనలేదు, సరేననలేదు. ఊపిరి చూసి గోడ మీద రాయమన్నాడు. ఆదివారం వస్తానన్నాడు.

ఊపిరి చూడటం మేస్త్రి నేర్పిన మొదటి పాఠం. ప్లగ్గు ఊడదీసి, ఆ రంధ్రంలో ఒత్తిడి కొలిచే గేజి బిగించి, ఇంజిన్‌ని తిప్పి, ఒక్కో సిలిండరు గాలిని ఎంత గట్టిగా పట్టి ఉంచుతోందో చూడాలి. నూటయాభై దాకా వస్తే ఆరోగ్యం. వచ్చిన అంకెల్ని గోడ మీద చాక్‌పీసుతో రాయాలి. బండి షెడ్డు దాటేదాకా వాటిని చెరపకూడదు. గిరాకీకి చూపించడానికి కాదు ఆ గోడ. పని చేసేవాడు తనకు తాను అబద్ధం చెప్పుకోకుండా ఉండటానికి.

శనివారం మధ్యాహ్నం మద్దిలేటి షెడ్డు తలుపు దగ్గరగా వేసి ఊపిరి చూశాడు. నూట ఇరవై. నూట పదిహేను. ఎనభై అయిదు. నూట పది. గేజిని తట్టి మళ్లీ చూశాడు. మూడో సిలిండరు మళ్లీ ఎనభై అయిదే అంది.

అంకె తగ్గినప్పుడు చేసే పరీక్ష ఇంకొకటుంది. సిలిండరులోకి చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. పిస్టన్ రింగులు అరిగి సందులు పడి ఉంటే, ఆ నూనె కాసేపు వాటిని పూడ్చి అంకెను పైకి లేపుతుంది. అంకె లేచిందంటే రింగులు పోయినట్టే లెక్క. అతను నాలుగింటిలోనూ నూనె పోశాడు. నాలుగూ లేచి నూటయాభై దగ్గర నిలబడ్డాయి.

దానర్థం మద్దిలేటికి తెలియక కాదు. ఎంతమందికి నేర్పాడో. చాక్‌పీసు పట్టుకుని గోడ ముందు చాలాసేపు నిలబడ్డాడు. వారం నుంచీ కదలని బండి కదా అనుకున్నాడు, గేజి పాతదైంది అనుకున్నాడు. మనసుకు నచ్చిన పనికి సాకులకేం కొదవ. చివరికి నూనె పోయకముందు వచ్చిన అంకెల్ని వదిలేసి, పోశాక వచ్చినవి రాశాడు.

ఆదివారం పొద్దున మౌలాలి మేస్త్రి కర్ర తాటించుకుంటూ వచ్చాడు. గోడ వైపు ముఖం పెట్టి నిలబడ్డాడు. ఆ కళ్లకు మసి పట్టిన గోడా చాక్‌పీసు గీతా ఒకటే.

"చదువు" అన్నాడు.

ఇది మద్దిలేటి అనుకోనిది. రాయడం ఒక ఎత్తు, ఆయన ముందు నోరు విప్పి చెప్పడం ఒక ఎత్తు. "ఒకటి నూటయాభై. రెండు నూటయాభై. మూడు..." అని ఆగి, "నూట నలభై అయిదు. నాలుగు నూటయాభై" అన్నాడు.

మేస్త్రి తల ఊపాడు. బండి స్టార్ట్ చేయమన్నాడు.

సిలిండర్లలో పోసిన నూనె అంటుకుంది. గొట్టంలోంచి నీలంగా పొగ బుసబుసా వచ్చి షెడ్డంతా కమ్మేసింది. మేస్త్రి ఒకసారి గాలి పీల్చాడు. ఆ వాసన ఏమిటో ఆయనకు ఒకరు చెప్పాలా. స్టూలు వేయించుకుని సరిగ్గా ఆ పొగలోనే కూర్చున్నాడు. దగ్గు వచ్చింది. మద్దిలేటి కంగారుపడి పక్కకు రమ్మని చెయ్యి పట్టుకోబోతే, వద్దన్నట్టు వేలు ఎత్తాడు. అబద్ధం అన్న మాట ఆయన నోట రాలేదు. నూనె అంతా మండి పొగ పలచబడేదాకా అలాగే కూర్చున్నాడు. అంతసేపూ మద్దిలేటి తలవంచుకుని నిలబడ్డాడు.

తర్వాత మేస్త్రి లేచి, బానెట్ తడుముకుంటూ ముందుకు వచ్చాడు. నడుస్తున్న ఇంజిన్ మీద ఆయిల్ పోసే మూత తీయించాడు. మద్దిలేటి కుడిచెయ్యి పట్టుకుని అరచేతిని ఆ రంధ్రం మీద పెట్టాడు. దాని మీద తన చెయ్యి పెట్టాడు.

లోపల్నుంచి వెచ్చగా, తడితడిగా గాలి. అరిగిన రింగుల సందుల్లోంచి కిందికి జారిపోయి, దారి దొరక్క పైకి వస్తున్న ఊపిరి. కొట్టుకుంటోంది, ఆగుతోంది, మళ్లీ కొట్టుకుంటోంది. ఉన్న గాలినే పట్టి ఉంచుకోలేని ఒళ్లు అది. దానిలోకి ఇంకా గాలిని తోస్తే ఏమవుతుందో ఆ అరచేతికి తెలిసింది. చేతి మీద మేస్త్రి చెయ్యి కూడా అరిగిపోయినట్టు తేలిగ్గా ఉంది. మద్దిలేటికి ఏడుపు వచ్చింది.

"ఎంత పోసినావు?"

"చెంచాడు, మేస్త్రీ."

"ఎవరి కోసరం?"

"మీ కోసరమే. పోయినేడు మిమ్మల్ని ఆ రాయి మీద కూర్చోబెట్టినా. ఇంకోసారి కూర్చోబెట్టలేను."

మేస్త్రి ఆ చేతిని ఇంకాసేపు అలాగే పట్టుకున్నాడు. బండి నీది, బిగించేదీ లేనిదీ నువ్వే చూసుకో, గోడ మాత్రం సరిచెయ్యి అని చెప్పి కర్ర అందుకున్నాడు. మద్దిలేటి ఆయన్ను గుమ్మంలోనే ఆపి, గోడ మీది అంకెలు గుడ్డతో తుడిచి, శనివారం దాచిన నాలుగు అంకెలూ రాసి, పైకి చదివి వినిపించాడు. ఎనభై అయిదు దగ్గర ఈసారి ఆగలేదు.

అది అరిగిన సిలిండర్ల గోడల్ని రెండుసార్లు నున్నగా చెక్కించి, బోరింగ్ చేయించిన ఇంజిన్. మూడోసారి చేయించడానికి లోపలి గోడల్లో ఇనుము మిగల్లేదు. ఆ సాయంత్రమే అతను అట్టపెట్టెకు తాడు కట్టి అటక మీద పెట్టాడు. కొత్త రేడియేటరు గొట్టాలు వేశాడు, ఫ్యాను బెల్టు మార్చాడు, డిక్కీలో రెండు క్యాన్ల నీళ్లు పెట్టుకున్నాడు. చేయగలిగింది అంతే. మనసులో ముల్లు మాత్రం అలాగే ఉంది. గురువును మళ్లీ ఆ కొండ దారిన నలుగురిలో నిలబెట్టబోతున్నాడు.

ఉరుసు రోజు ఇద్దరే బయల్దేరారు. వెనక సీట్లో చక్కెర పొట్లం, తడిగుడ్డలో చుట్టిన పూల చాదర్. మొదటి మలుపు దాటింది, రెండోదీ దాటింది. మూడో మలుపు దగ్గరకు వచ్చేసరికి వేడి చూపే ముల్లు ఎర్ర గీత వైపు జరగసాగింది. ఇంకో వంద గజాలు లాగి చూద్దామని అతని కాలు లాగింది. అరచేతికి ఆ వెచ్చటి ఊపిరి గుర్తొచ్చింది. ఆవిరి చిమ్మకముందే, తనంతట తానే, బండిని పక్కకు తీసి ఆపాడు.

హారన్లు మొదలయ్యాయి. ఒక కారు, రెండు కార్లు, ఒక జీపు నిండా నవ్వులు. మద్దిలేటి బానెట్ ఎత్తి, దాని వెనక ముఖం దాచుకుని నిలబడ్డాడు.

మేస్త్రి దిగి, కర్రతో రాయిని వెతుక్కుని, భుజం మీది టవలుతో దాన్ని దులిపి కూర్చున్నాడు. కొంచెం జరిగి పక్కన చోటిచ్చి, రమ్మని రాయి మీద తట్టాడు. మద్దిలేటి వెళ్లి కూర్చున్నాడు. కింది నుంచి గాలి చల్లగా వస్తోంది.

"పోయినేడు ఈడ ఏం చూసినావురా?" అన్నాడు మేస్త్రి.

మద్దిలేటి ఆలోచించాడు. "రేడియేటరు, మేస్త్రీ."

మేస్త్రి భుజాలు కదిలేలా నవ్వాడు. నవ్వు తగ్గాక, పోయిన ఏడాది తిప్పినట్టే ముఖం లోయ వైపు తిప్పాడు. ఆ మసక కళ్లు దేన్నో వెతుకుతున్నాయి. పోయిన ఏడాది కూడా ఇలాగే వెతికి ఉంటాయని మద్దిలేటికి ఇప్పుడు అర్థమైంది.

"ఇరవై ఏండ్లు ఈ కొండ ఎక్కినా" అన్నాడు మేస్త్రి. "చూపున్నన్నాళ్లు ఒక్కసారీ ఈడ ఆగలే."

కాసేపటికి చెయ్యి చాచి మద్దిలేటి మోకాలు మీద వేశాడు.

"ఏమేమి కనపడతాందో చెప్పు. ఉన్నది ఉన్నట్టు."

మద్దిలేటి కళ్లు తుడుచుకుని కిందికి చూశాడు. ముందు చెరువు గురించి చెప్పాడు. సగమే నిండిందని చెప్పాడు. వేరుశనగ చేలల్లో ఎర్రచీరలు నాలుగు, లేదు, అయిదు ఉన్నాయన్నాడు. డోన్ స్టేషన్‌లోంచి ఒక గూడ్సు బయల్దేరుతోందని, ఇంజిన్ కనపడుతోంది కానీ తోక ఇంకా కనపడటం లేదని చెప్పాడు. మేస్త్రి ఒక్కోదానికీ తల ఊపుతున్నాడు.

బండి ఎప్పుడో చల్లారింది. గూడ్సు తోక ఇంకా రాలేదు.