ఖాళీ కాల్

ఏ యంత్రం మొరాయించినా ముందుగా విక్టోరియా చేతులు కట్టుకుని కూర్చునేది. తెర మీది అక్షరాలు చదివేది, ఒక కమాండ్ కొట్టేది, మళ్ళీ చదివేది. ఆమె మొదట కొట్టే కమాండ్లన్నీ చూసేవే గాని మార్చేవి కావు. మహిళా సహాయ కేంద్రంలో కంప్యూటర్ల బాధ్యత ఆమెది. ఆమె దగ్గర పని నేర్చుకోవడానికి కొత్తగా చేరిన నీలవేణికి ఈ తీరు అంతుపట్టలేదు. ఒకనాడు ఉండబట్టలేక అడిగేసింది.

"మేడమ్, రీస్టార్ట్ కొడితే సగం రోగాలు వాటంతటవే పోతాయి. పోయేదానికి ఇంతసేపు నాడి పట్టుకుని కూర్చోవడం ఎందుకు?"

"చూద్దాంలే," అని ఊరుకుంది విక్టోరియా.

ఆ చూసే రోజు ఎంతో దూరాన లేదు. కేంద్రానికి వచ్చే ప్రతి ఫోనూ సర్వర్లో రికార్డవుతుంది. రికార్డు చెయ్యడానికి తగినంత చోటు లేదనుకుంటే సర్వర్ కొత్త కాల్స్ తీసుకోవడం మానేస్తుంది. ఒక మధ్యాహ్నం, భోజనాల వేళ, హాల్లో ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగడం మానేశాయి. అలాంటి చోట నిశ్శబ్దమంటే ఊళ్ళో ఆడవాళ్ళందరూ సుఖంగా ఉన్నారని కాదు.

మేనేజర్ పార్థసారథి సర్వర్ గది గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చాడు. విరాళాలిచ్చే పెద్దలు చూడ్డానికి వస్తున్న రోజు కావడంతో ఇస్త్రీ మడత నలగని చొక్కా వేసుకున్నాడు. "రీస్టార్ట్ కొట్టండమ్మా! అవతల ఎంతమంది ఆడవాళ్ళు లైను దొరక్క అల్లాడుతున్నారో తెలుసా?" అన్నాడు. ఆడవాళ్ళ కష్టాలు ఆయనకు ఎప్పుడు గుర్తొచ్చినా ఎదురుగా ఉన్న ఆడవాళ్ళను తొందరపెట్టడానికే గుర్తొచ్చేవి. అయినా ఆ మాట అబద్ధం కాదు. నీలవేణి రీబూట్ అన్న కమాండ్ టైపు చేసింది. ఎంటర్ మీద వేలు పెట్టింది.

"వేలు తియ్యి," అంది విక్టోరియా, తింటున్న క్యారేజీ వదిలేసి వచ్చి.

"లైన్లు ఆగిపోయాయి మేడమ్!"

"ఆగినవి తెలుస్తూనే ఉన్నాయి. నడుస్తున్నదేమిటో చూశావా?"

నీలవేణి టైపు చేసింది చెరిపేసింది. డిస్కు ఎంత నిండిందో చెప్పే కమాండ్ కొట్టింది. అంచుదాకా నిండింది. లోపలున్న ఫైళ్ళ బరువులన్నీ కూడి చెప్పే కమాండ్ కొట్టింది. సగం కూడా లేవు. పొరపాటేమోనని మళ్ళీ కొట్టింది. మళ్ళీ అదే. ఉన్నవన్నీ లెక్కపెడితే సగం గది ఖాళీ. తలుపు తోస్తే మాత్రం కాలు పెట్టే సందు లేదు.

"కనపడకుండా ఎవరో కూర్చున్నట్టుంది మేడమ్."

"ఉన్నారు. పేరు కొట్టేసినంత మాత్రాన మనుషులు లేచి వెళ్ళిపోతారా?" అంది విక్టోరియా. "తుడిచేసిన ఫైలును ఏ ప్రోగ్రామైనా ఇంకా తెరిచి పట్టుకుని ఉంటే, పేరు పోతుంది గాని సరుకు పోదు. పట్టుకున్న చెయ్యి వదిలితేనే పోతుంది. రీస్టార్ట్ అంటే ఆ చెయ్యి నరకడమే. ఎవరు ఏది పట్టుకున్నారో అడుగు."

నీలవేణి ఆ కమాండ్ కొట్టి అడిగింది. తెర నిండా వరసలు దిగాయి. కాల్స్ రికార్డు చేసే ప్రోగ్రామే పట్టుకుంది అన్నిటినీ. ప్రతి వరస చివరా ఒకటే మాట: తొలగించబడింది, తొలగించబడింది, తొలగించబడింది. ఆమె మళ్ళీ అదే కమాండ్ కొట్టింది. వరసలన్నీ అలాగే ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కదాని బరువు ఇందాకటికన్నా పెరిగింది. మళ్ళీ కొట్టింది. ఇంకాస్త పెరిగింది.

"ఇవేం ఫైళ్ళు సార్?" అని విక్టోరియా గుమ్మంవైపు తిరిగింది.

"అవా? ఖాళీ కాల్స్," అన్నాడు పార్థసారథి తేలిగ్గా.

కేంద్రం పెట్టిన ఆడవాళ్ళు మొదట్లోనే ఒక కట్టుబాటు చేసుకున్నారు: ఫోన్ చేసినామె పెట్టేసేదాకా ఇటువైపు నుంచి పెట్టెయ్యకూడదు. మాట్లాడలేని పరిస్థితిలో ఉండి కూడా చెయ్యవచ్చు గదా అని. ఆ కట్టుబాటును పార్థసారథి తీసెయ్యలేదు. తీసేస్తే గొడవవుతుంది. అందుకని దాని పక్కనే ఒక సొంత ఏర్పాటు చేశాడు. కాసేపు మాట వినపడకపోతే ఆపరేటర్ ఆ కాల్‌ని 'ఖాళీ' అని గుర్తు పెట్టి, లైను అలాగే వదిలేసి, ఇంకో కాల్ తీసుకోవాలి. ఆ గుర్తున్న రికార్డుల్ని ఒక ప్రోగ్రాం దానంతటదే ఊడ్చేస్తుంది. పెద్దలకు చూపించే రిపోర్టు శుభ్రంగా ఉంటుంది. ఆడది మాట్లాడితే ఎక్కువ మాట్లాడిందని, మాట్లాడకపోతే ఖాళీ అని రాసుకునే లోకం. ఆయన కొత్తగా కనిపెట్టిందేమీ లేదు.

"ఖాళీదైతే పెరుగుతోందేం సార్?" అంది నీలవేణి.

ప్రోగ్రాం చేతిలో ఉన్న ఫైలును ఆ చేతిలోంచే నకలు తీసుకోవచ్చని విక్టోరియా దారి చెప్పింది. పెరుగుతున్న ఆ ఒక్కదాన్ని నీలవేణి బయటి డిస్కులోకి నకలు తీసి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. మొదట ఏమీ లేదు. ఎక్కడో దూరాన రంపపు మిల్లు కీచుగా కోస్తోంది, ఆగుతోంది, కోస్తోంది. ఎవరో బయటినుంచి గొళ్ళెం వేసిన చప్పుడు. తర్వాత చాలాసేపు రంపమే. తర్వాత, చెవిలోనే అన్నంత దగ్గరగా, గోటితో ఫోన్ మీద తట్టిన చప్పుడు. ఆ వెంటనే ఊపిరికన్నా కొంచెమే పెద్దదైన గొంతు.

"ఉన్నారా?"

నీలవేణి ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. వెనక ఎవరూ లేరు. రికార్డింగ్ ముందుకు జరిపింది. రంపం. గోరు. "ఉన్నారా?" ఇంకా ముందుకు జరిపింది. "ఉన్నారా?" పొద్దుటినుంచి ఆ గొంతు అడుగుతూనే ఉంది. ఇటువైపు కుర్చీలో ఎవరూ లేరు. విన్నదల్లా, వినడం మానెయ్యమని ఎవరూ చెప్పని ఆ ప్రోగ్రాం ఒక్కటే.

ఆమె హాల్లోకి పరిగెత్తి, వదిలేసిన ఆ లైనును హెడ్‌సెట్‌లోకి తీసుకుంది. "ఉన్నాం," అంది.

అటువైపు రంపం ఆగింది. "పెట్టెయ్యకండమ్మా," అంది ఆ గొంతు. "మా అత్త గుమ్మంలోనే కూర్చుంది. గట్టిగా మాట్లాడలేను. మీరు పలక్కపోయినా వింటున్నారనే అనుకున్నాను. లేకపోతే ఈపాటికి..."

"ఎక్కడున్నారు?" అంది నీలవేణి. రంపపు మిల్లు వెనక, పచ్చ గేటు ఇల్లని చెప్పింది ఆమె. ఫోన్లో ఛార్జింగ్ అయిపోవచ్చింది. కేంద్రం కౌన్సెలర్లు, ఇద్దరు మహిళా కానిస్టేబుళ్ళను వెంటబెట్టుకుని బయలుదేరారు. వాళ్ళు గొళ్ళెం తీసేదాకా నీలవేణి ఆ లైనులో "ఉన్నాం, ఉన్నాం" అంటూనే ఉంది. విరాళాల పెద్దలు వచ్చి, ఆ ఒక్క మాటే ఎందుకంటోందో తెలియక, మర్యాదగా తల ఊపి వెళ్ళారు.

ఈలోగా విక్టోరియా రీస్టార్ట్ లేకుండానే చోటు చేసింది. అవతల లైను తెగి పెరగడం ఆగిన వరసల్లో ఒక్కొక్కదానికి నకలు తీసి, సరిచూసుకుని, ప్రోగ్రాం చేతిలోని అసలును ఖాళీ చేస్తూ పోయింది. హాల్లో ఫోన్లు మళ్ళీ మోగాయి.

గొంతు బొంగురుపోయిన నీలవేణి సర్వర్ గదిలోకి తిరిగొచ్చింది. ఆవిడ క్షేమంగా బయటపడిందని చెప్పింది. మొహం తేటగా ఉంది. పని ముగిసినట్టే అనిపించింది ఆమెకు.

"నకళ్ళన్నీ భద్రంగా ఉన్నాయి గదా మేడమ్. ఇప్పుడైనా రీస్టార్ట్ కొట్టొచ్చా?"

విక్టోరియా హెడ్‌ఫోన్స్ ఆమె ముందుకు జరిపింది.

"పెరుగుతున్నది ఒక్కటే గదమ్మా విన్నావు. మిగతావి ఏ మాట దగ్గర తెగిపోయాయో విను. తర్వాత నీ ఇష్టం."