మజ్జిగ అడిగిన ఏనుగు

అనగా అనగా, ఏటికి అవతలి గట్టున ఒక రాజ్యం ఉండేదర్రా. రాజు పేరు గవరరాజు. ఆయనకు ఒక్కతే కూతురు, రత్నాంగి, మన పెద్దదానిలాగే కొత్తగా ఓణీ వేసిన పిల్ల. ఊఁ కొట్టండి మరి, నేను గోడకి చెప్పట్లేదు కదా.

వానల్లేక శిస్తులు రాలేదు, ఖజానా ఖాళీ అయింది. చిన్నపిల్లకెందుకీ బెంగలని రాజుగారు కూతురి దగ్గర దాచాడు. దాచడమంటే మాటలా? బంగారు పళ్ళెం అమ్మి, ఇత్తడి పళ్ళేనికి పసుపు రాశాడు. ఇత్తడిదీ అమ్మి, మట్టి మూకుడుకి పసుపు రాశాడు. మూకుడు పగిలితే అరిటాక్కి పసుపు రాశాడు. అన్నం పచ్చగా ఉందేమిటని పిల్ల అడిగితే, పులిహోర అన్నాడు.

చివరికి పట్టపుటేనుగునీ అమ్మేశాడు. దాని బదులు నల్లకంబళి కింద ముందు వంటవాడు అప్పన్న, వెనక ముసలి కాపలాదారు సింహాద్రి. రాణిగారి పాత చీర చుట్టి తొండం పెట్టారు. వీధికుక్కలు మాత్రం నమ్మలేదు.

ఏమీ తెలియని పిల్ల, పుట్టినరోజుకి ఏనుగెక్కి ఊరేగుతానంది. లేదనలేక రాజుగారు సరేనన్నాడు. ఎక్కింది. ఏనుగు నడిబజారు దాకా వెళ్ళి కూలబడి, "అమ్మాయిగారూ, నడుం పట్టేసింది, కాస్త మజ్జిగ ఇప్పించండి" అంది. వెనక సగం మెల్లిగా, "నాకూ ఓ చెంబు" అంది.

జనం పొట్ట పట్టుకుని నవ్వారు. రత్నాంగి నవ్వలేదు. కంబళి తీసి, సింహాద్రికి చెయ్యిచ్చి లేపి, ఇంటికి నడిచొచ్చింది.

"లేదని ఒక్క మాట చెబితే ఆ ముసలాయన వీపెక్కేదాన్నా, నాన్నగారూ?"

"దిగులుపడతావని, తల్లీ."

"నేను రాగానే మీరూ అమ్మా మాట ఆపేస్తుంటే, నాకేదో చెప్పరాని జబ్బు చేసిందనుకున్నాను."

రాజుగారు కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని ఉన్నదేదో, లేనిదేదో చెప్పాడు. చెప్పడం మొదలెట్టాక ఆగలేక, పొరుగురాజు దండెత్తుతాడేమోనన్న భయం కూడా విప్పబోతే, రాణిగారు ఆయన మోకాలు గిల్లి, ఆ బెంగ మనిద్దరం పడదాం, పిల్లని నిద్రపోనివ్వండి అంది.

రత్నాంగి ఆలోచించి, తనకి వీణ ఈ జన్మకి రాదని, జీతమిచ్చి పెట్టిన గురువులకీ ఆ సంగతి తెలుసని, ఆ ఖర్చు మానెయ్యమని చెప్పింది. వాళ్ళు సంతోషంగా ఇళ్ళకెళ్ళారు. ఖాళీ ఏనుగుశాలని ఉల్లిపాయల వర్తకులకి అద్దెకిమ్మంది. అద్దె వచ్చింది, వాసనా వచ్చింది. ఆ ఘాటుకి రాజుగారు ఏం మాట్లాడినా సభంతా కళ్ళు తుడుచుకునేది. ఎంత కరుణగల రాజో అని దేశమంతా పేరు పాకింది.

అందుకే ఇంట్లో ఉన్నదీ లేనిదీ ఎదిగిన పిల్లలకి చెప్పాలర్రా. మన భయాలన్నీ మాత్రం వాళ్ళ నెత్తిన పెట్టకూడదు.

కథ కొండెక్కింది, మీరు మంచాలెక్కండి.