గోగు కాలూ, సొరకాయా

కొండవాలున ఒక రాళ్ళదొడ్డి. దొడ్డికీ తుమ్మతోపుకీ మధ్య గండి. పొద్దున్నే ఆ గండి దూకితేనే మేకలకి మేత. దూకలేనిది ఇవతలే ఉండిపోవాలి. ఇవతల పొదల్లో నక్క ఉంటుంది.

వాన వెలిసిన ఓ పొద్దున, నల్లమేక కూతురు గోగు తోటిపిల్లలతో పందెం వేసుకుంది. రోజూ దూకే పొడిరాయి వదిలేసి బంకమట్టి మీంచి ఎగరబోయింది. వెనక కాళ్ళు చెరో దిక్కుకీ జారాయి.

"అమ్మా, గజ్జల్లో పట్టేసింది!"

నల్లమేక నోట్లో ఆకు నోట్లోనే ఉండిపోయింది.

పొదలోంచి నక్క పలకరించాడు. "కంగారెందుకు వదినా? కాలు బాగా సాగదీసి, గట్టు మీద నాలుగు పరుగులు తీయమను. అదే వదిలిపోతుంది."

తల్లి అడ్డుపడేలోపే గోగు పరిగెత్తింది. సగం గట్టు దాటకుండానే కూలబడింది.

ఆ పూట నల్లమేక మేతకి పోలేదు. పిల్లని మెల్లగా నడిపించుకుంటూ దొడ్డిలో కట్టుకొయ్యకున్న ముసలెద్దు వీరన్న దగ్గరికి తెచ్చింది.

"అన్నా, విరిగిందా?"

"ఎక్కడే నొప్పి?" అన్నాడు వీరన్న.

"తొడ లోపల, తాతా. కాళ్ళు దగ్గరికి తెస్తే ప్రాణం పోతోంది."

"ఎముక కాదమ్మా, లోపలి కండ. కాళ్ళు అటూ ఇటూ జారిపోకుండా పట్టి ఉంచేది అదే. పొలంలో దమ్ము చేసేటప్పుడు బురదలో జారి నాకూ ఇలాగే అయింది. కండ పీచు చిట్లింది. చిట్లినదాన్ని పట్టి లాగితే ఏమవుతుంది?"

"ఇంకా చిట్లుతుంది."

"మరి ఆ మాటెందుకు విన్నావే?"

"నక్కమామ అన్నీ తెలిసినట్టు చెప్పాడు తాతా."

"తెలుసు. తెలిసే చెప్పాడు."

నల్లమేక పొదలకేసి చూసి, పిల్లకి అడ్డంగా జరిగింది. "తగ్గుతుందా అన్నా?"

"తగ్గుతుంది. ముందు కదలకూడదు. తర్వాత కదలకుండా ఉండకూడదు. కమిలి నల్లబడినా, కాలు అసలు మోపలేకపోయినా మాత్రం నా వైద్యం చాలదు, డాక్టరు రావాలి."

తొట్టి పక్క చల్లటి తడిమట్టిలో గోగుని పడుకోబెట్టారు. నల్లమేక గండి అవతల నాలుగు ఆకులు కొరికి, రెండు పిల్లకి తెచ్చేది. నొప్పి కాస్త నెమ్మదించాక దొడ్డిలోనే చిన్న నడక. ఆ తర్వాత వీరన్న ఓ లేత సొరకాయని ముట్టెతో దొర్లించాడు.

"తొడల మధ్య పెట్టి నొక్కు. చుర్రుమందా, ఇంకా దూకకూడదు."

చుర్రుమనేది. గోగు కోపంగా సొరకాయని తినేసేది. మర్నాడు మరొకటి.

నక్క రోజూ వచ్చి తడిక సందులోంచి అడిగేవాడు. "పాపం, ఇంకా కుంటేనా?"

"కుంటే మామా," అనేది గోగు.

మళ్ళీ వాన వెలిసిన ఒక పొద్దున నల్లమేక గండి అవతల తలెత్తేసరికి, తడిక తోసుకుని కుంటుకుంటూ గట్టు మీదికొస్తోంది గోగు. వెనకే నక్క.

"వెనక్కి పోవే!" అని అరిచింది.

నక్క ఎగిరాడు. గోగు కుంటడం మానేసింది. పొడిరాయి మీద నాలుగు గిట్టలూ ఆనించి, గండి దాటి, తల్లి డొక్కకి వచ్చి కొట్టుకుంది. వెంటపడిన నక్క ఆత్రంలో బంకమట్టి మీద కాళ్ళు మోపాడు. కాళ్ళు చెరో దిక్కుకీ పోయాయి.

"చచ్చాన్రో! గజ్జల్లో!"

నల్లమేక పిల్లని తల నుంచి తోకదాకా మూచూసింది. "ఎప్పుడు తగ్గిందే?"

"నొక్కితే నొప్పి లేక చాలా రోజులైందమ్మా. తాత దొడ్డిలోనే నడిపించి, పరిగెత్తించి, దూకించాడు. మామ ముందు మాత్రం కుంటమన్నాడు. నీకు చెప్తే నన్ను బయటికి రానివ్వవుగా?"

"రానివ్వను," అంది నల్లమేక. ఆ రోజు మొదటిసారి నోరారా మేసింది.

ఇవతల నక్క మూలుగుతున్నాడు. "వదినా, ఏం చెయ్యమంటావు?"

"పరిగెత్తమను!" అని దొడ్డిలోంచి రంకె వేశాడు వీరన్న.

నల్లమేక ఒక్క క్షణం ఆలోచించింది. "వద్దు మరిదీ. కదలకుండా పడుకో. చాలా రోజులు పడుకో. సొరకాయ పంపిస్తాలే."

నొప్పికి మందు ఆ నొప్పి పడి లేచినవాణ్ణి అడగాలి గాని, మన నొప్పితో పని ఉన్నవాణ్ణి కాదు.