అంచులు తీసేసిన బొమ్మ

ఆశ్రమం ఆసుపత్రిలో శశిభూషణ్‌కి గిట్టనివి ఎక్స్‌రే కవర్లు.

ఆ ఆసుపత్రికి సొంత ఎక్స్‌రే యంత్రం లేదు, స్కానింగూ లేదు. కొండ దిగువన రెండు గదులు, ఒక వరండా, పైన రేకులు. ఎవరికైనా ఎక్స్‌రే కావాలంటే బస్సెక్కి టౌనుకి పోయి, అక్కడ తీయించుకుని, ఆ పెద్ద కవరు చంకలో పెట్టుకుని మళ్ళీ రావాలి. వచ్చేసరికి కొన్ని తడిసిపోయేవి, కొన్ని మడతలు పడేవి. కొందరు పోయినేడు తీయించుకున్నది పట్టుకొచ్చేవారు. ఒకాయన తమ్ముడిది తెచ్చాడు. సీడీ తెస్తే అది ఆసుపత్రి కంప్యూటర్లో తెరుచుకునేది కాదు. ఒకావిడైతే కవరు మీద వడియాలు ఎండబెట్టి, వాటిని దులిపి మరీ తెచ్చింది.

గురువుగారు నిత్యబోధానందస్వామి ఇవేమీ పట్టించుకునేవారు కాదు. సన్యాసం తీసుకోకముందు ఇరవై అయిదేళ్ళు ఛాతీ జబ్బుల డాక్టరుగా పనిచేసిన మనిషి. కొండజనానికి ఆయన ‘డాక్టరు సామి’.

శశి డాక్టరు చదువు పూర్తిచేసి ఆయన దగ్గర శిష్యుడిగా చేరి ఏడాదయింది. కవర్ల గొడవకి తనే ఒక దారి కనిపెట్టాడు. ఊళ్ళలోని ఆశా కార్యకర్తలతో మాట్లాడాడు. ఫిల్మ్ చేతికి రాగానే దాన్ని కిటికీకి ఆనించి, సెల్‌ఫోనుతో ఫోటో తీసి తనకి పంపాలి. రోగి వచ్చేలోగా బొమ్మ కంప్యూటర్లో ఉంటుంది. పేరు, ఊరు, తేదీ అన్నీ వరసలో. మొదట్లో వాళ్ళు పంపిన ఫోటోల్లో కిటికీ ఊచలూ, ఊచలమీద బల్లీ కూడా పడేవి.

“అంచులు నాకొద్దమ్మా. ఛాతీ ఒక్కటే నిండుగా కనిపించాలి,” అన్నాడు శశి.

వాళ్ళు అలాగే పంపసాగారు.

మూడు నెలల్లో నాలుగు వందల బొమ్మలు చేరాయి. ఒకరోజు గురువుగారిని కంప్యూటరు ముందు కూర్చోబెట్టి చూపించాడు.

“ఇక కవరు విప్పే పనే లేదు స్వామీజీ.”

ఆయన ఓపిగ్గా చూశారు. “శ్రమపడ్డావు,” అన్నారు. అంతే. అది మెచ్చుకోలో కాదో శశికి రెండు రోజులదాకా తేలలేదు.

ఆ తర్వాత ముసురు పట్టింది. మూడోనాటి పొద్దున బిడ్డిక చంటన్నని డోలీ కట్టి మోసుకొచ్చారు. వెదురు కొట్టే మనిషి, నలభై ఏళ్ళుంటాయి. పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి. మోసుకొచ్చినవాళ్ళు అతన్ని లోపల దింపి, వరండాలో కూలబడ్డారు. భార్య పోలమ్మ మాత్రం లోపలికి వచ్చింది, చేతిలో ప్లాస్టిక్ సంచిలో చుట్టిన కవరుతో.

“ఊపిరి... ఆడ్నేదు... బాబూ,” అన్నాడు చంటన్న.

శశి కంప్యూటరు ముందుకి పరుగెత్తాడు. ముందురోజు వచ్చిన బొమ్మ సిద్ధంగా ఉంది. ఛాతీ ఎక్స్‌రేలో గాలి ఉన్నచోట నలుపు, నీరు ఉన్నచోట తెలుపు. చంటన్న బొమ్మలో ఒక పక్కంతా సున్నం కొట్టిన గోడలా ఉంది. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరి దాన్ని నొక్కేస్తోంది.

ఏ పక్క? ఎక్స్‌రేని మనకి ఎదురుగా నిలబడ్డ మనిషిలా చూడాలి. ఎదుటివాడి ఎడమచెయ్యి మన కుడిచేతి వైపు ఉంటుంది కదా, అలాగన్నమాట. తెలుపు శశి కుడిచేతి వైపు ఉంది.

“ఎడమ,” అనుకున్నాడు.

అంబులెన్సుకి ఫోను చేశాడు. గెడ్డ పొంగింది, బండి అవతలి ఒడ్డున ఆగిపోయింది, సాయంత్రందాకా దాటే ఆశ లేదన్నారు. చంటన్న చూస్తే సాయంత్రందాకా ఆగేలా లేడు. ఆ నీరు ఇక్కడే, ఇప్పుడే తియ్యాలి.

స్టెతస్కోపు పెట్టాడు. రేకుల మీద వాన దంచుతోంది. ఇటూ వినపడలేదు, అటూ వినపడలేదు. పోనీలే, బొమ్మ ఉంది. చంటన్నని కూర్చోబెట్టి, బల్లమీది తలగడకి చేతులు ఆనించి ముందుకి వంచాడు. వీపు మీద ఎడమవైపు, పక్కటెముకల మధ్య, నీలం పెన్నుతో గుర్తు పెట్టాడు.

పోలమ్మ కవరు చాపింది. “బాబూ, ఇదిగో పోటో.”

“అక్కర్లేదమ్మా. నా దగ్గరుంది.”

చంటన్న మెడ తిప్పి చూశాడు. ఏదో అనబోయాడు. దగ్గు తెర ముంచుకొచ్చింది. ఊరుకున్నాడు.

శశి గుర్తు దగ్గర చర్మానికి మత్తు మందిచ్చి, పెద్ద సూది తీసుకున్నాడు. ఒక ఊపిరితిత్తి నీళ్ళలో మునిగిన మనిషి రెండోదానితోనే బతుకుతూ ఉంటాడు. ఆ రెండోదానికి గానీ సూది తగిలిందా, గాలి తీసిన బంతిలా అదీ ముడుచుకుపోతుంది. ఇక పీల్చడానికి ఏమీ మిగలదు. ఈ సంగతి శశికి బాగా తెలుసు. అందుకే నీలం గుర్తుని ఇంకోసారి వేలితో సరిచూసుకున్నాడు.

“శశీ, సూది కింద పెట్టు.”

గుమ్మంలో గురువుగారు.

“టైం లేదు స్వామీజీ!”

“కింద పెట్టు.”

పెట్టాడు. గురువుగారు పోలమ్మ చేతిలోని కవరు తీసుకున్నారు. ఫిల్మ్ బయటికి తీసి, కిటికీ అద్దానికి ఆనించారు. పై మూలన బొటనవేలు వేసి పట్టుకున్నారు.

“చూడు.”

తెలుపు శశి ఎడమచేతి వైపు ఉంది.

ఫిల్మ్ వెనక్కి తిప్పి మళ్ళీ ఆనించారు. బొటనవేలు మళ్ళీ అదే మూల మీదికి వెళ్ళింది.

“చూడు.”

తెలుపు కుడిచేతి వైపుకి వచ్చింది. అచ్చం తెరమీద ఉన్నట్టే.

“వీళ్ళిద్దరిలో చంటన్న ఎవరు?”

శశి ఫిల్మ్ దగ్గరికి వంగాడు. రెండూ మనిషి ఛాతీలే. రెంటిలోనూ అవే ఎముకలు. గుండె నీడ చూసి చెబుదామంటే, అంత నీరు తోసేశాక అది ఎటు జరిగిందో ఏమో. ఫిల్మ్ అనేది కిటికీ అద్దం లాంటిది, ముందునుంచి చూసినా కనిపిస్తుంది, వెనకనుంచి చూసినా కనిపిస్తుంది. ఏది ముందో ఏది వెనకో తెలియడానికే టౌనులో వాళ్ళు మూలన ఒక అక్షరం వేస్తారు. తెరమీది బొమ్మకి మూలలు లేవు. వద్దన్నది తనే.

“మీ వేలు తియ్యండి స్వామీజీ. దాని కింద అక్షరం ఉంటుంది.”

“ఉంటుంది.”

“తియ్యండి!”

గొంతు లేచింది. పోలమ్మ ఉలిక్కిపడింది. వేలు మాత్రం కదల్లేదు.

“ఆ అక్షరం వేసినవాడూ నీలాంటివాడే, పొరపడచ్చు,” అన్నారు గురువుగారు. “చంటన్నని అడుగు.”

శశి చంటన్న వైపు తిరిగాడు. చంటన్న డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి.

శశి అతని వెనక మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఎడమచెయ్యి చంటన్న వీపుమీద పరిచి, మధ్యవేలి మీద రెండోచేతి వేలితో తట్టాడు. కుండలో నీళ్ళు ఎంతదాకా ఉన్నాయో పైనుంచి తట్టి చూస్తామే, ఇదీ అదే పని. వానలో చప్పుడు వినపడలేదు. వేలికి తెలిసింది. ఎడమవైపు డొల్లగా అదిరింది. నీలం గుర్తు పక్కనే మళ్ళీ తట్టాడు. అక్కడా డొల్లే.

కుడివైపు తట్టాడు. బస్తాని తట్టినట్టుంది, అదురే లేదు. ఇంకొంచెం కిందికి. అక్కడా లేదు.

“చంటన్నా,” అన్నాడు. అతని చెవి దగ్గరికి వంగి మళ్ళీ అన్నాడు. “చంటన్నా, ఏ పక్కకి పడుకుంటే నీకు సుఖంగా ఉంటోంది?”

“కుడి... పక్కకే బాబూ. రెండు వారాలయి... అటే తొంగుంటన్నాను. ఎడం పక్కకి తిరిగితే... పానం పోతాది.”

“మరి నేను ఎడమపక్క గుర్తు పెడుతుంటే చెప్పలేదేం?”

“సదూకున్నోరు... మీకు తెల్దేటి... అనుకున్నాను.”

“సెప్పు సెప్పు అని నాను కళ్ళతో సైగ సేస్తనే ఉన్నాను బాబూ,” అంది పోలమ్మ. “నా మాట ఎప్పుడిన్నాడు గనక!”

శశి కుడివైపు కొత్త గుర్తు పెట్టాడు. కిటికీ వైపు చూడలేదు. గురువుగారు ఫిల్మ్‌ని కవర్లో పెట్టేసి, వచ్చి చంటన్న ఎదురుగా కూర్చుని అతని రెండు చేతులూ పట్టుకున్నారు.

మళ్ళీ మత్తు. మళ్ళీ సూది. చర్మం దాటింది. శశి సిరంజి వెనక్కి లాగాడు. ఏమీ రాలేదు.  ఇంకో వెంట్రుకవాసి లోపలికి పోనిచ్చి, లాగాడు.

ఎండుగడ్డి రంగు నీరు సిరంజిలోకి పరుగెత్తుకొచ్చింది.

శశి దాన్ని గొట్టంతో సీసాలోకి మళ్ళించాడు. సీసా పావువంతు నిండింది. సగమైంది. తొందరపడి ఒక్కసారిగా లాగకూడదు, నెమ్మదిగా తియ్యాలి. శశి నుదుటిమీది చెమట కంట్లోకి కారుతోంది. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. గురువుగారు లేచి తన కాషాయం కొంగుతో తుడిచి, మళ్ళీ వెళ్ళి కూర్చున్నారు.

పోలమ్మ సీసా వంక చూసి చూసి, “ఇంటికి బిందెడు నీల్లు తెమ్మంటే తేడు. ఇయ్యన్నీ ఎక్కడ దాసినాడో!” అంది. అనేసి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

చంటన్న పెదాల నలుపు విరిగింది. ఒక మాట ఆగకుండా అన్నాడు. “దాని నోరు మూయించండి సామీ.”

గురువుగారు నవ్వారు.

సీసా నిండాక శశి సూది తీసి, దూదిపెట్టి అతికించాడు. ఆ నీరు ఎందుకు పట్టిందో తేల్చడానికి కాస్త చిన్న సీసాలో పోసి టౌనుకి పంపాలి. ఆ పని గురువుగారే చేస్తున్నారు. వాన తగ్గింది. రేకుల మీద ఒక్కొక్క చుక్కే పడుతోంది.

శశి స్టెతస్కోపు చెవులకి పెట్టుకుని మళ్ళీ చంటన్న వెనక కూర్చున్నాడు. దాన్ని ఎడమవైపు, సూది దిగబోయిన నీలం గుర్తు మీద ఆనించాడు. గాలి లోపలికి వెళ్ళడం వినిపించింది. బయటికి రావడం వినిపించింది. వెదురుపొదలో గాలిలా, ఎక్కడా గరగర లేదు. మళ్ళీ లోపలికి. మళ్ళీ బయటికి.

చంటన్న కాసేపు ఓపికపట్టాడు.

“ఆ పక్కేటైనా పాడైనాదా బాబూ?”

“లేదు.”

“బాగున్నాదా?”

“బాగుంది చంటన్నా.”

“మరేటి ఇంటన్నావు?”

శశి ఇంకోసారి గాలి లోపలికి వెళ్ళడం విన్నాడు. స్టెతస్కోపు తియ్యలేదు.