ఎదురుపీట ఓబన్న ఐదో ప్రశ్న

మేఘవరం అనే రాజ్యం ఒకటుండేది. అది ఎక్కడుందని మాత్రం నన్నడక్కండి. వెతుక్కుంటూ వెళ్తే పొలిమేరలోనే ఆపి సుంకం కట్టమంటారు.

ఆ రాజ్యాన్ని ఏలే ఉద్దండ భూపతికి పొగడ్తలంటే ప్రాణం. ఆయన దగ్గితే ఆ దగ్గులోనూ రాగం ఉందని తలలూపేవాళ్లు సభలో పదిమంది ఉండేవారు. అయితే అదే సభలో, సింహాసనానికి సరిగ్గా ఎదురుగా, ఒక చెక్కపీట ఉండేది. దాన్ని ఎదురుపీట అనేవారు. రాజుగారి తాత వేయించింది. దానిమీద కూర్చున్నవాడి పని ఒక్కటే, ప్రజల తరఫున ప్రభుత్వాన్ని నిలదీసి అడగటం.

భూపతికి ఆ పీటంటే ఒళ్లుమంట. కానీ పొరుగు రాజులు వచ్చినప్పుడు మాత్రం, "చూశారా, మమ్మల్ని ప్రశ్నించడానికి మేమే పీట వేశాం" అని మీసం తిప్పేవాడు. అందుకని ఆ పీట తీయించలేడు, దానిమీది మనిషిని భరించలేడు.

ఆ మనిషి పేరు ఓబన్న. ఏటి దిగువన ఉన్న పన్నెండు ఊళ్లవాళ్లు ఏరి కోరి పంపిన మనిషి. మాట ముక్కుసూటి. అతను లేచి నిలబడితే మంత్రి భైరవమల్లుకు నోట తడి ఆరిపోయేది. జవాబు తెలిస్తే కదా చెప్పడానికి!

ఒకనాడు మంత్రి రాజుగారి దగ్గర చేరి ఉపాయం చెప్పాడు.

"ప్రభూ, ఉన్నట్టుండి అడిగితే ఎంతటివాడైనా తడబడతాడు. ఇకమీదట అమావాస్యనాడు ప్రశ్న తాటాకు మీద రాసి నాకివ్వాలి. పౌర్ణమి సభలో నేను జవాబు చెబుతాను. అడిగింది అబద్ధమని తేలితే అది తప్పుకింద లెక్క. ఐదు తప్పులైతే పీట దిగిపోవాలి. ఆపైన పదేళ్లదాకా ఆ పీట ఖాళీగానే ఉండాలి."

"భేష్!" అన్నాడు భూపతి. "తప్పు తేలినప్పుడల్లా నగారా కూడా మోగించండి."

మాఘ అమావాస్యనాడు ఓబన్న మొదటి తాటాకు ఇచ్చాడు. తూర్పువాగు మీది వంతెన చెక్కలు పుచ్చిపోయాయి, రెండు గేదెలు కాళ్లు విరగ్గొట్టుకున్నాయి, ఎందుకు బాగుచేయించలేదు అని అందులో రాశాడు.

పౌర్ణమి సభలో భైరవమల్లు ఎన్నడూ లేనంత ధీమాగా లేచాడు.

"ప్రభూ, ఇది పచ్చి అబద్ధం. వంతెన చెక్క ఒక్కటి కూడా పుచ్చలేదు. కావాలంటే ఇప్పుడే భటుల్ని పంపండి."

భటులు వెళ్లి చూసొచ్చారు. వంతెన చెక్కుచెదరకుండా ఉంది. నగారా మోగింది. సభ అంతా విరగబడి నవ్వింది. ఓబన్నకు తల కొట్టేసినట్టయింది. తన కళ్లతో చూసిన వంతెన అది. అబద్ధం ఎలా అవుతుంది?

సభ ముగియగానే తిన్నగా వాగు దగ్గరికి వెళ్లాడు. వంతెన నిండా కొత్త చెక్కలు. రంపపుపొట్టు ఇంకా గట్టునే పడి ఉంది. మంత్రి పదిహేను రోజుల్లో వంతెన బాగుచేయించి, అసలు చెడిపోనే లేదని సభలో చెప్పాడన్నమాట. ఓబన్నకు ఒళ్లు మండిపోయింది.

అంతలో మజ్జిగ కుండ నెత్తిన పెట్టుకుని ఒక ముసలమ్మ వంతెన దాటుతూ ఆగింది.

"ఏళ్ల తరబడి మొత్తుకున్నా ఇననోళ్లు ఇప్పుడు ఏసినారు నాయనా. ఎవరడిగారో గానీ, ఆడి కడుపు సల్లగుండ!"

ఓబన్న ఆ కొత్త చెక్కలను చేత్తో తట్టి చూశాడు. కోపం దిగింది. తర్వాత తనలో తనే నవ్వుకుని ఇంటిదారి పట్టాడు.

ఆపైన మూడు అమావాస్యలు మూడు తాటాకులు ఇచ్చాడు. ధాన్యపు కొట్టు కప్పు కారుతోందని ఒకటి, సత్రం బావి ఒర కూలిందని ఒకటి, రేవులో బల్లకట్టుకు చిల్లు పడిందని ఒకటి. మూడు పౌర్ణములూ మంత్రి లేచి అబద్ధమన్నాడు. మూడుసార్లూ భటులు వెళ్లి నిజంగానే అబద్ధమని చెప్పారు. నగారా మోగుతూనే ఉంది. వీధిలో పిల్లలు కూడా ఓబన్నను చూసి "డండం డండం" అని వెక్కిరించడం మొదలుపెట్టారు. మనిషన్నాక బాధ ఉండదా? ఉంది. రెండురోజులు అన్నం సరిగా తినలేదు.

జ్యేష్ఠ అమావాస్య వచ్చింది. ఓబన్న గంటం తీసుకుని ఐదో తాటాకు రాస్తుంటే భార్య తిరుపాలమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"ఈసారి ఏం రాస్తున్నారు?"

"ఏటి కరకట్టకు గండి పడి మూడేళ్లయింది, ఎందుకు పూడ్చలేదని."

"అది కూడా పూడ్చేసి అబద్ధమంటాడు. ఐదో తప్పవుతుంది. మీరు దిగిపోతే పదేళ్లు అడిగే దిక్కుండదు కదండీ!"

"గండి పూడకపోతే ఈ వానలకే మన పన్నెండు ఊళ్లూ ఉండవే. ఇక ఎవరికోసం అడగను? మామూలుగా అడిగితే అంత పెద్ద పని ఆ మహానుభావుడు ముట్టుకోడు. మూడేళ్లనుంచీ చూద్దాం, చూద్దాం అంటున్నాడు. ఇప్పుడు నా పీట పోతుందంటే కొండనైనా తవ్వి తెస్తాడు. అందుకే దీన్ని చివరికి దాచాను."

తిరుపాలమ్మ లేచి వెళ్లి, ఉతికిన ఉత్తరీయం తెచ్చి ఇచ్చింది.

తాటాకు చదివిన భైరవమల్లుకు పండగే అయింది. ఇంకొక్క అబద్ధం తేలితే ఓబన్న పీడ విరగడ! వెయ్యిమంది కూలీలను, రెండొందల బళ్లను కట్ట మీదికి తోలాడు. తనే మోకాళ్లదాకా బురదలో నిలబడి "కానీయండి, కానీయండి" అని అరిచాడు. పుట్టిన తర్వాత ఆయన బురద తొక్కడం అదే మొదలు.

ఆషాఢ పౌర్ణమికి ముందు రెండురోజులు కుండపోతగా వాన కురిసింది. ఏరు కట్ట అంచులదాకా పొంగింది. కట్ట నిలిచింది.

సభ తీరింది. మంత్రి లేచాడు.

"ప్రభూ, కరకట్టకు గండి అన్నది కట్టుకథ. కట్ట రాతిగోడలా ఉంది."

భటులు చూసొచ్చి ఔనన్నారు. ఐదో నగారా మోగింది. భూపతి సింహాసనం మీద ముందుకు వంగాడు.

"ఐదు తప్పులు, ఓబన్నా. దిగు."

ఓబన్న పీట దిగి, దాన్ని ఉత్తరీయంతో శుభ్రంగా తుడిచి, నవ్వుతూ నిలబడ్డాడు.

"ఓడిపోయి నవ్వుతావేం?" అని రాజుగారు గద్దించారు.

అదే సమయానికి వాకిట్లో కలకలం రేగింది. ఒక మనిషి చేతిలో బంతిపూల దండతో భటులను తోసుకుంటూ లోపలికి వచ్చాడు. అతను పనివాళ్ల పెద్ద, మేస్త్రీ పోలయ్య.

"తప్పు కాయండి దొరా! ఓబన్నబాబుని దింపేత్తన్నారని ఇని పరిగెత్తుకొచ్చా. ఆ బాబుని దింపితే మేం బతికేదెట్టా?"

"నీకూ అతనికీ ఏమిటి సంబంధం?" అన్నాడు భూపతి.

"ఆ బాబు ఆకు ఇచ్చిన మర్నాడే మంత్రిగారు మాకు కబురెడతారు దొరా. వంతెన మేమే ఏశాం. కొట్టు కప్పు, బావి ఒర, బల్లకట్టు, అన్నీ మేమే. వాన పడేదాకా కరకట్ట గండి పూడ్చాం. ఈ ఐదు నెల్లూ మా పిల్లలు కడుపునిండా తిన్నారు."

భూపతి కళ్లెర్రజేసి మంత్రి వైపు తిరిగాడు.

"నాతో అబద్ధాలు చెప్పావా?"

"లేదు ప్రభూ," అన్నాడు మంత్రి చెమటలు తుడుచుకుంటూ. "గండి లేదన్నాను. లేదు కదా మరి!"

"మంత్రిగారు చెప్పింది నిజమే ప్రభూ," అన్నాడు ఓబన్న. "నేను అడిగిన నాడు నా మాట నిజం. ఆయన చెప్పిన నాడు ఆయన మాట నిజం. మధ్యలో పని జరిగింది. తమరు నగారా మోగించడం కూడా సబబే. వంతెన బాగుపడితే ఒకసారి, కొట్టు బాగుపడితే ఒకసారి, చివరికి పన్నెండు ఊళ్లు బతికితే ఒకసారి మోగింది. నా ఓటమికి అనుకున్నారు గానీ, ప్రజలకు మేలు జరిగినప్పుడల్లా నగారా వేయించిన రాజు తమరొక్కరే."

భూపతికి కోపగించుకోవాలో మీసం తిప్పాలో తోచలేదు. చెయ్యి మాత్రం దానంతటదే మీసం మీదికి పోయింది. అంతే, ఆయనకే నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వాడు.

"నా నగారాతోనే నన్ను ఓడించావురా! పో, ఎక్కి కూర్చో. పీట నీదే. తప్పుల లెక్క ఈ రోజుతో రద్దు. మా మెడలో పతకం నీకు బహుమానం. ఆ అమావాస్య గడువు కూడా తీసేస్తున్నాను. ఇకనుంచి ఉన్నపళంగా అడుగు."

ఓబన్న గాభరాగా చేతులు జోడించాడు.

"లెక్క రద్దు చేయండి ప్రభూ, గడువు మాత్రం ఉంచండి. ఉన్నపళంగా అడిగితే జవాబొస్తుంది. గడువిచ్చి అడిగితే పనవుతుంది."

అంటూనే నడుముకు దోపుకున్న కొత్త తాటాకు తీసి మంత్రికి అందించాడు. అమావాస్య ఇంకా రాలేదు గానీ, పని పెద్దదట, అందుకని ముందే ఇచ్చాడు.

భైరవమల్లు చదివాడు. పొడుగ్గా నిట్టూర్చాడు. ఓబన్న మెడలో దండ వేసి వెళ్లబోతున్న మేస్త్రీని కేకేసి పిలిచాడు.

"పోలయ్యా, నువ్వెక్కడికీ పోకు."