హారిక కాయను కొట్టినవాడు

ఉమామహేశం మాస్టారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, జరిగిన సంగతొకటి చెబుతారు. ఈసారి అడిగింది ఇందుమతి. ఆయన దగ్గరే చదువుకుని ఆయన పనిచేసిన బళ్ళోనే టీచరయిన మనిషి. క్యాన్సరుతో బతుకుతున్న టీనేజీ పిల్లల మీద నవల రాస్తోంది.

"నవలలో ఆ అమ్మాయిని అందరూ కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటారు మాస్టారూ. ఒక్కరూ పల్లెత్తు మాట అనరు. రాస్తుంటే నాకే ఏడుపొస్తోంది. అయినా ఆ పిల్లలో ప్రాణం లేదు. ఏం తక్కువైంది?"

మాస్టారు ఒక సంగతి మొదలుపెట్టారు.

రిటైరయిన కొత్తలో ఆయన పట్నంలో ఒక క్యాన్సర్ ఆస్పత్రికి వెళ్ళి, చదువాగిపోయిన పిల్లలకు పాఠాలు చెప్పేవారు. అక్కడ హారిక అని పదో తరగతి పిల్ల ఉండేది. బ్లడ్ క్యాన్సర్. మందులకు జుట్టంతా రాలిపోయింది. మధ్యాహ్నాలు మంచం మీద అట్టముక్క పరిచి, గళ్ళు గీసి, పిల్లలూ వాళ్ళ తల్లులూ గవ్వలతో అష్టాచెమ్మా ఆడేవారు. ఎదుటివాళ్ళ కాయ ఉన్న గడిలోకి మన కాయ వెళితే దాన్ని కొట్టెయ్యాలి. దెబ్బ తిన్న కాయ మళ్ళీ మొదటి నుంచి నడవాలి. హారిక కాయను మాత్రం ఎవరూ కొట్టేవారు కాదు. కొట్టే పందెం పడ్డా ఇంకో కాయ జరిపేవారు. ఇలా చెయ్యాలని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. రోజూ హారికే గెలిచేది.

కొన్నాళ్ళకు ఆ పిల్ల ఆట మానేసింది. తర్వాత అన్నం సరిగ్గా తినడం మానేసింది. చివరికి, ఈ విడత మందు ఎక్కించుకోనని గోడవైపు తిరిగి పడుకుంది. తల్లి బతిమాలి బతిమాలి మాస్టారిని పిలుచుకొచ్చింది.

"ఎందుకొద్దమ్మా?" అన్నారాయన.

"నేను పోతానని అందరికీ తెలిసిపోయింది సార్. లేకపోతే నన్నెందుకు గెలిపిస్తారు?"



అప్పుడే పక్క మంచానికి యాకూబ్ అనే కుర్రాడు వచ్చాడు. ఎముకలో క్యాన్సరని ఒక కాలు తీసేశారు. ఊసుపోక, ఆటకు రమ్మన్నాడు. హారిక రానంది.

"ఓడిపోతానని భయమేమో," అన్నాడు.

ఆ మాటకు లేచి కూర్చుంది. ఆట చివరికొచ్చింది. ఇంకో రెండు గళ్ళు దాటితే హారిక కాయ పండుతుంది. సరిగ్గా అప్పుడే యాకూబ్‌కు కొట్టే పందెం పడింది. వద్దు బాబూ అని హారిక తల్లి వెనకనుంచి కళ్ళతోనే సైగ చేసింది. వాడు చూడనే లేదు. టప్పున కొట్టి, "పోవే గుండూ, మళ్ళీ మొదటి నుంచి రా!" అన్నాడు.



"బుద్ధుందా నీకు? జబ్బుపిల్లతోనా..." అంది తల్లి.

"నాకేమన్నా జలుబనుకున్నారా ఆంటీ?"

హారిక గవ్వలు లాక్కుంది. "నువ్వు మధ్యలో రాకమ్మా. ఒరేయ్ ఒంటికాలోడా, ఆట ఇంకా అవ్వలేదు. నీ సంగతి చూస్తానుండు!"

ఆ ఆట యాకూబే గెలిచాడు. మర్నాడు నర్సు మందు సీసా తగిలిస్తే హారిక తనంతట తనే ఎడమచెయ్యి చాపింది. గవ్వలు వెయ్యడానికి కుడిచెయ్యి ఖాళీగా ఉండాలట.

ఇందుమతి మెల్లగా, "ఆ అమ్మాయికి నయమైందా మాస్టారూ?" అని అడిగింది.

"అందరూ అదే అడుగుతారు," అన్నారు మాస్టారు. "ఆ రోజు మాత్రం ఓడిపోయిందమ్మా. ఎంత చక్కగా ఓడిపోయిందనుకున్నావు!"