అర అడుగు వెనక

వేదాంతం అడిగితే వీధిలోంచి జవాబు చెప్పడం మా గురువుగారి అలవాటు. భీమిలి దారిలో మెట్ట మీదున్న ఆయన ఆశ్రమానికి శాస్త్రాలు చదివినవాళ్ళు చాలామంది వచ్చి, ఏ రిక్షావాడి సంగతో విని, కాస్త చిన్నబుచ్చుకుని దిగిపోయేవారు.

ఆ రోజు అడిగింది జగ్గారావు మేష్టారు. ఇన్నేళ్ళూ ఆశ్రమంలో భజన నడిపించి, ఈమధ్యే ఆ తాళాలు ఒక కుర్రవాడికి అప్పగించారు. అప్పగించిన సంగతి మా అందరికీ విడివిడిగా చెప్పారు కూడా. "స్వామీ, అహంకారం పోయిందని మనిషికి ఎలా తెలుస్తుంది?" అన్నారు, పోయినవాడి గొంతుతోనే.

గురువుగారు పైడితల్లి సంగతి ఎత్తారు.

పైడితల్లిని ఎరగనివాళ్ళు మా తీరంలో లేరు. ఇరవై ఏళ్ళ పాటు మారథాన్ అంటే ఆవిడే. బిడ్డను కన్న ఏడాదికే మళ్ళీ పందెంలో నిలబడి గెలిచింది. మోకాలు దెబ్బతిని, ఇక చాలించమని డాక్టర్లు చెప్పాక కూడా గెలిచింది. పరిగెత్తేటప్పుడు ఒక్క మాట మాట్లాడేది కాదు, వెనక్కి తిరిగి చూసేది కాదు. రోడ్డు పక్కన నిలబడి నేనూ చూశాను. ఆవిడ పోతుంటే మనకే ఊపిరి ఆడేది కాదు.

పరుగు చాలించాక ఆవిడ సువార్త అనే చూపులేని అమ్మాయి బాధ్యత నెత్తిన వేసుకుంది. చూపులేనివాళ్ళ పందెంలో పక్కన ఒక తోడు పరిగెత్తాలి. ఇద్దరి చేతులకూ ఒక పొట్టి తాడు ఉంటుంది. మలుపులూ గతుకులూ నోటితో చెప్పాలి, తాడు లాగకూడదు. చివరి గీత మాత్రం చూపులేని మనిషే ముందు దాటాలి. తోడు ముందు దాటిందా, ఆ పరుగు చెల్లదు. ఇరవై ఏళ్ళు పెదవి విప్పని మనిషి దారిపొడుగునా మాట్లాడటం నేర్చుకుంది. పేరైనా పతకమైనా ఇక ఆ పిల్లదేనని సంతోషంగా ఒప్పుకుంది.

విశాఖ బీచ్ రోడ్డులో పందెం. గెలిస్తే సువార్తకు దేశం జట్టులో చోటు. అందరికంటే ముందు వాళ్ళిద్దరే వస్తున్నారు. గీత కనబడగానే పైడితల్లి ఛాతీ తనంతట తానే ముందుకు వంగింది. మనసు ఎప్పుడో ఒప్పుకుంది గానీ, ఒంటికి ఆ కబురు అందలేదు. రిబ్బను ఆవిడకే తగిలింది.

సువార్త రోడ్డు మీదే కూలబడి ఏడ్చింది. "అక్కా, ఇంతదూరం తీసుకొచ్చి గీతకాడ నన్నొగ్గేసి ఎలిపోనావేటి?" అంది.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు, వేరే తోడును చూసుకోమని అందరూ సువార్తకు చెప్పారు. మలుపు రాకముందే మలుపు చెప్పేది అక్క ఒక్కర్తేనని ఆ పిల్ల వినలేదు. ఏడాది పాటు పొద్దున్నే రోడ్డు మీద సుద్దతో గీత గీసుకుని, దాన్ని రెండోదానిగా దాటడం సాధన చేసింది ఆ ఛాంపియన్. మోకాలి నొప్పికి చలించని మనిషి, అర అడుగు వెనక ఉండటం చేతకాక కన్నీళ్ళు పెట్టుకున్న రోజులున్నాయి.

మళ్ళీ అదే పందెం వచ్చింది. చివరికొచ్చేసరికి వెనక నుంచి ఇంకో జంట తరుముకొస్తోంది. జనం పాత అలవాటు కొద్దీ "పైడితల్లీ! పైడితల్లీ!" అని అరవడం మొదలెట్టారు. ఆవిడ ఒళ్ళంతా ఝల్లుమంది.

"అక్కా, వచ్చేస్తన్నారా?" అంది సువార్త.

"వచ్చేస్తన్నారు. గీత ఎదురుగుంది. నువ్వెల్లు, నీ ఎనకాలే ఉన్నాను."

అలా అని అర అడుగు తగ్గింది. తాడు వదులుగానే ఉంది. రిబ్బను సువార్త ఛాతీకి తగిలింది.

మేష్టారు పైకండువాతో కళ్ళు తుడుచుకున్నారు. "అయితే ఆవిడకు అహంకారం పోయినట్టే కదా స్వామీ!"

"మర్నాడు ఇటు వచ్చినప్పుడు నేనూ అదే అడిగాను. 'ఏటో బాబూ, వచ్చే పందెంలో గీతకాడ సూడాల' అంది."

గురువుగారు మేష్టారి వైపు తిరిగి నవ్వారు.

"పోయిందని మాత్రం అనలేదు నాయనా."